మీరు మల్ల జెప్పు

"నాకొద్దు. ఆ రొట్టె తీస్కపోయి ఎమ్మార్వోకు పెట్టుండ్రి" అంటూ మోతీబాయి కంచాన్ని ముందుకు నెట్టేసింది.

కంచంలో జొన్నరొట్టె, దాని మీద పచ్చిమిరపకాయల కారం పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి. చిన్ని పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అత్త వైపు చూసింది. తగవు మొదలై చాలాసేపయింది. ఈలోపు రెండు రొట్టెలు మాడిపోయాయి కూడా.

"పిల్ల ఏమన్నదని గింత అలుగుతున్నవే యాడీ? 'దాదీ, మీరు తినండి' అన్నది. తిట్టిందా, కొట్టిందా?" అన్నాడు జైరాం. తల్లికి కనబడకుండా నవ్వు ఆపుకుంటున్నాడు.

"తిట్టినా బాగుండు. నాది గదా, తిట్టింది అనుకుందు. దసర కాణ్నుంచి సూస్తున్న. మీరు లేవండి, మీరు కూసోండి, మీరు నీళ్లు తాగండి. నేనేమన్న ఈ ఇంటికి చుట్టపుసూపు వచ్చిన్నా?"

గడప పక్కన బడిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కావ్య తల ఎత్తింది. "అలవాటు కావాలె దాదీ. ఇంట్ల అనకపోతే బడిల నోరు తిరగది."

"నీ నోరు తిరగనీకె నన్ను పరాయిదాన్ని చేస్తవా?"

"నువ్వొక్కదానివేనా? మొన్న దూడను గూడ అన్నది" అన్నాడు జైరాం. "'మీరు పక్కకు జరగండి' అన్నది. అది జరగలే."

చిన్నికి నవ్వొచ్చింది. మోతీబాయికి రాలేదు.

పెన్‌పహాడ్‌కు దగ్గరలోని ఆ తండాలో ఇళ్లలో వాళ్ల బోలీనే మాట్లాడుకుంటారు. తెలుగు బజారుకూ బడికీ దవాఖానకూ. కావ్య హైస్కూలుకు పోవడం మొదలయ్యాక ఇంట్లోకి కూడా తెలుగు వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఒక మాట అందులో, ఒక మాట ఇందులో. వాళ్ల బోలీలో తండ్రినీ తల్లినీ గుడిలో భవానీనీ కూడా పిల్లలు 'తూ', అంటే 'నువ్వు' అనే పిలుస్తారు. అందులో తక్కువ చేయడం ఏమీ లేదు. మొదటిసారి మనుమరాలు 'మీరు' అన్నప్పుడు మోతీబాయి వెనక్కి తిరిగి చూసింది, తనతో పాటు ఇంకెవరైనా వచ్చారేమోనని.

"ఇదంతా దేనికి?" అన్నాడు జైరాం. ఈసారి గొంతులో నవ్వు లేదు. "తమ్ముడు జగన్‌కు ఫోన్ చేసిన. ఐతారం వస్తడు. మిర్యాలగూడల ఆళ్లింటి కాడ ఉండి, గాడ ప్రైవేటు బడిల చదువుకుంటది. ఏడాది నడుమల అయినా తీస్కుంటమన్నరంట. ఈ లెక్కల మేడంతోని మనకు పరేషాన్ ఖతం."

"గాడ సార్లు ఉండరా?" అంది చిన్ని, పెనం మీద రొట్టె తిప్పుతూ. "ఆళ్లను ఏమని పిలుస్తది? నోరిప్పి అడుగుడే రాకుంటే ఏ బడిల ఏస్తే ఏంది?"

"గాడ కొత్తగ షురూ చేస్తది. ఈడ అందరు నవ్వవట్టిరి."

"గాడ నవ్వరా?"

చిన్ని కూతురి వైపు తిరిగింది. "నీకు పోవాలనుందా బిడ్డా?"

"పోత" అంది కావ్య, సంచి జిప్పు లాగుతూ, వదులుతూ.

ఆ 'పోత'లో పోవాలన్న ఇష్టం చిన్నికి వినబడలేదు. ఇక్కడ ఉండలేనన్నది మాత్రం వినబడింది.

రజని మేడం ఈ ఏడాది బడి తెరిచినప్పుడే వచ్చింది. ఊరు సరిహద్దు పక్కనున్న కోదాడ, అక్కడి మాట తీరే వేరు. సూర్యాపేటలో గది కిరాయికి తీసుకుని రోజూ బస్సులో వస్తుంది. తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతుంది. మొదట్లో కావ్యకు ఆమె అంటే ఎంత ఇష్టమంటే, సాయంత్రం బర్రె ముందు గడ్డి వేస్తూ కూడా "ఏమ్మా, అర్థమైందా?" అని మేడం గొంతుతో అడిగేది. లెక్కల్లో తరగతికంతా ముందుండేది.

దసరాకు ముందు ఒకరోజు బీజగణితంలో ఒక లెక్క అర్థం కాలేదు. కావ్య లేచి నిలబడింది. "మేడం, నాకు సమజ్ కాలే. నువ్వు మల్ల జెప్పు" అంది.

వెనక బెంచీల్లో మగపిల్లలు నవ్వారు. మేడం చాక్‌పీసు కింద పెట్టింది. "ముందు పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్చుకుని రామ్మా. లెక్కలు తర్వాత నేర్చుకుందువు గానీ" అంది.

తను చేసిన తప్పేమిటో కావ్యకు తెలియలేదు. అన్నం తినేటప్పుడు పక్కపిల్ల చెప్పింది. ఆ రాత్రంతా అనుకుని, మర్నాడు మళ్లీ లేచి, "మేడం, మీరు మల్ల జెప్పు" అంది. ఈసారి ముందు బెంచీలు కూడా నవ్వాయి. మూడోనాటి నుంచి ఆ పిల్ల లేవడం మానేసింది. మేడమే పేరు పెట్టి లేపితే నిలబడేది కానీ నోరు తెరిచేది కాదు. కొన్నాళ్లకు మేడం లేపడం కూడా మానేసింది. పరీక్షల్లో లెక్కల మార్కులు సగానికి పడిపోయాయి.

"ముందల 'మీరు' పెట్టాలె, ఎన్కకు 'అండి' తగిలియ్యాలె యాడీ" అని ఒకసారి తల్లికి చెప్పింది. "ముందటిది యాదికుంటే ఎన్కటిది మరుస్త. రెండు దొరికేటాళ్లకు మేడం ఇంకొకర్ని అడుగుతది."

చిన్ని ఇప్పుడు పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి లేచింది. "రేపు నేను పోయి మేడంతోని మాట్లాడొస్త. తర్వాత సూద్దాం మిర్యాలగూడ సంగతి."

"నేను గూడ వస్త. ఆ పంతులమ్మను నేనే అడుగుత" అంది మోతీబాయి.

"నువ్వొద్దు!" ముగ్గురూ ఒక్కసారే అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది కావ్య. "నువ్వొద్దు దాదీ, నువ్వొస్తే ఇజ్జత్ పోతది!"

మోతీబాయి మొహం విప్పారింది. "ఇగో, ఇప్పుడు నా మనుమరాలి తీరు మాట్లాడింది" అంటూ కంచం దగ్గరికి లాక్కుంది.

మర్నాడు చిన్ని పత్తి చేను నుంచి సగం పూటకే వచ్చేసి, మొహం కడుక్కుని, బడికి బయలుదేరింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు లోపల కూడబెట్టుకుంది. 'మేడం, మీరు మా పిల్ల మీద కోపం చేయకండి. మీరు దానికి చెప్పండి.' నాలుగు అడుగులు వేయడం, మళ్లీ మొదటి నుంచి అనుకోవడం. కాలువ దాటాక వెనక కాళ్ల కడియాల చప్పుడు వినబడింది.

"నేను దవాఖానకు పోతున్న" అంది మోతీబాయి, అడగకముందే. "తొవ్వ ఇదే గదా."

దవాఖాన వచ్చింది, పోయింది. మోతీబాయి ఆగలేదు.

వాళ్లు చేరేసరికి బడిలో మధ్యాహ్నం అన్నాలవేళ. వీళ్లను చూడగానే కావ్య పంపు దగ్గర నుంచి పరుగెత్తి వరండా స్తంభం వెనక్కి పోయింది. స్టాఫ్ రూములో కిటికీ పక్కన రజని ఒక్కతే కూర్చుని డబ్బా తెరుచుకుని తింటోంది. చిన్ని ఎవరో పెద్దావిడ ఉంటుందనుకుంది. చూస్తే తన చెల్లెలి ఈడు పిల్ల. చీర కుచ్చిళ్ల మీద సుద్దపొడి.

"నమస్తే మేడం. మీరు... మేము కావ్య వాళ్ల... మీరు..."

దారంతా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. కూతురు రోజూ తరగతిలో ఎలా నిలబడుతోందో చిన్నికి తన నాలుకతోనే తెలిసింది.

రజని తింటున్న చెయ్యి ఆపి లేచి నిలబడింది. "కావ్య వాళ్ల అమ్మగారా? రండి, కూర్చోండి."

తనను అమ్మగారు అన్నవాళ్లు ఇంతవరకూ లేరు. చిన్నికి ఉన్న కాస్త మాటా పోయింది.

"నువ్వు కూసో బిడ్డా" అంది వెనక నుంచి మోతీబాయి. "తినేటోళ్లు నడుమల లేవొద్దు. కూసొని తిను. మాకేం తొందర లేదు." దగ్గరికి వచ్చి డబ్బాలోకి తొంగి చూసింది. "గింతేనా? గిది పిట్టకు సాలదు. నీకెవలు వండుతరు?"

"అత్తా!" చిన్నికి ప్రాణాలు పోయినంత పనయింది. "ఏమనుకోకుండ్రి మేడం, మా అత్తకు మాట తెల్వది."

"నాకు మాట తెల్వదా? ఏమన్న? తినుమన్న."

రజని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మెల్లగా కూర్చుంది. "నేనే వండుకుంటానండి. తెల్లారగట్లే లేవాలి, అందుకని కొంచెమే" అంది.

"మీ అమ్మ యాడుంటది?"

"కోదాడలో."

"ఆమె సూస్తే ఏడుస్తది. తిను."

రజని తల దించుకుని నాలుగు ముద్దలు తింది. ఆ తర్వాత, కొంచెం మొహమాటంగా, "మీ ఇంట్లో అందరూ ఇలాగే... నువ్వు అనే అనుకుంటారా?" అని అడిగింది.

"ఇంకేమనుకుంటం? మా మాటల దేవున్ని గూడ గంతే. మీరు అనేది ఎవల్ని? పోలీసోళ్లను అంటం. ఫారెస్టోళ్లను అంటం. ఆళ్లు జల్ది పోవాలని అంటం."

రజని ఫక్కున నవ్వింది. నవ్వుతుంటే ఇంకా చిన్నపిల్లలా ఉంది. ఆ నవ్వు చూసి మోతీబాయికి ధైర్యం వచ్చి, కుర్చీ పక్కనే నేల మీద చతికిలబడింది. "నువ్వు కోపం చేసుకోకు గానీ, నీ మీద నాకొక కోపమున్నది. దసర కాణ్నుంచి నా మనుమరాలు నన్ను మీరు అంటున్నది. నాకు ముద్ద దిగుతలేదు. పొద్దంత గదే. మీరు లేవండి, మీరు రండి. దూడను గూడ ఇడుస్తలేదు. ఎందుకే అంటే, మేడంతోని మంచిగ మాట్లాడాలె, నోరు అలవాటు చేసుకుంటున్న అంటది."

రజని నవ్వు ఆగిపోయింది. డబ్బా మూత చేతిలోనే ఉండిపోయింది.

"ఇంట్లో... నేర్చుకుంటోందా?"

"రోజు" అంది చిన్ని. "నేర్చుకుంటనే ఉంది. ఈడికొచ్చేటాళ్లకు భయానికి మరుస్తది."

కిటికీ బయట పిల్లలు కంచాలు కడుగుతున్న చప్పుడు. రజని డబ్బాకు మూత పెట్టింది. "నేనంటే పడదనుకున్నాను" అంది. "లేపితే నా మొహం చూస్తూ ఊరికే నిలబడేది. కావాలనే చేస్తోందనుకున్నా. అసలు మొదటిరోజు వెనక పిల్లలు నవ్వింది నన్ను చూసేననుకున్నాను. నేను మాట్లాడే తీరును వాళ్లు వెక్కిరిస్తారు. 'వచ్చేశారండీ, వెళ్లిపోయారండీ' అని వరండాలో అంటుంటారు. కొత్తగా వచ్చాను కదా... నాకూ బెరుకుగానే ఉండేది."

"మా పిల్లేమో దాన్ని సూసి నవ్విండ్రనుకున్నది మేడం" అంది చిన్ని. కూడబెట్టుకోని ఆ మాట మాత్రం ఎక్కడా తడబడకుండా వచ్చింది.

రజని లేచి చెయ్యి కడుక్కుని, "కావ్యా, ఇలా రా" అని పిలిచింది. స్తంభం వెనక నుంచి ముందు జడ, తర్వాత పిల్ల వచ్చాయి. నాయనమ్మను చూసి ఇజ్జత్ పోయిందనే అనుకుంది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

రజని ఓదార్చలేదు. పుస్తకం తెరిచింది. "ఏ లెక్క దగ్గర ఆగిపోయావు?"

కావ్య వేలితో చూపించింది.

"నోటితో అడుగు."

"మేడం, మీరు... గీ ఎక్స్... అటు దిక్కు పోతే మైనస్ ఎందుకయితదో... మీరు..." మాట మళ్లీ అక్కడే ఇరుక్కుంది.

"నీకెలా వస్తే అలా అడుగు. మాట తర్వాత దిద్దుకుందాం. మాట కోసం లెక్క ఆగిపోకూడదు."

కావ్య కళ్లు గట్టిగా మూసుకుంది. "నువ్వు మల్ల జెప్పు మేడం" అంది, వినీ వినబడకుండా.

రజని చాక్‌పీసు తీసుకుని గోడకున్న చిన్న బోర్డు దగ్గరికి వెళ్లింది. ఆమె చెబుతున్నది చిన్నికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కూతురి మొహాన్నే చూస్తూ నిలబడింది. ముడిపడిన కనుబొమలు ఎప్పుడు విడిపోతాయా అని చూస్తుంటే, బోర్డు మీద మూడో వరుస రాస్తుండగా విడిపోయాయి. "ఓ! రెండు దిక్కుల తీసేస్తున్నమా?" అని అరిచింది కావ్య. అంత గట్టిగా అరిచినందుకు తనే నాలుక కరుచుకుంది.

గంట కొట్టారు. పుస్తకం ఇచ్చేస్తూ రజని అంది: "నా బస్సు బడికి అరగంట ముందే వచ్చేస్తుంది. ఇక్కడే కూర్చుంటాను. ఆగిపోయినవన్నీ తెచ్చుకో. కానీ తరగతిలో మాత్రం 'మీరు' అనడం నేర్చుకోవాలి కావ్యా. నా గౌరవం కోసం కాదు. రేపు నువ్వు ఎక్కడికెళ్లినా ఆ మాటతో పని పడుతుంది."

పిల్ల నచ్చింది కదా అని ఆమె అన్నీ వదిలేయకపోవడం చిన్నికి బాగా నచ్చింది. తిరిగి వెళుతుంటే మోతీబాయి అంది, "మంచి పిల్లనే. తిండి లేక కోపమొస్తది, అంతే."

ఆ వారం మిగిలిన రోజులన్నీ కావ్య పొద్దున్నే వెళ్లిపోయింది. శనివారం సాయంత్రం తల్లీకూతుళ్లు బావి దగ్గర గిన్నెలు తోముతుంటే, కావ్య ఉన్నట్టుండి, "యాడీ, ఇయ్యాల తరగతిల మల్ల నా నోట 'నువ్వు' అని ఎల్లింది" అంది.

చిన్ని చేతిలో గిన్నె ఆగింది. "నవ్విండ్రా?"

"సాయిబాబు నవ్విండు."

"మేడం?"

"ఆని దిక్కు సూసి, 'నవ్వడం అయ్యాక నువ్వూ ఒక ప్రశ్న అడుగు సాయిబాబూ, జూన్ నుంచి నువ్వు ఒక్కటీ అడగలేదు' అన్నది. ఆడు కింద కూసున్నడు."

"మరి నిన్ను?"

"'మీరు చెప్పండి' అని మెల్లగ అందించింది. నేను అన్న. గంతే, లెక్క చెప్పింది."

"నీకు సిగ్గు కాలే?"

కావ్య బూడిద చేతితో ముక్కు రుద్దుకుని ఆలోచించింది. "అయింది. జర. గని లెక్క ఆగలే." ఇంకా ఏదో గుర్తొచ్చి నవ్వింది. "మేడంకు గూడ మన మాటలు సమజ్ కావంట యాడీ. తొవ్వ అంటే ఏంది, ఎన్కకెల్లి అంటే ఏంది అని పొద్దుగాల నన్నడుగుతది. ఇన్ని రోజులు ఎవల్నన్న అడిగితే నవ్వుతరని అడగలేదంట."

చిన్ని తోమిన గిన్నెలు బోర్లించి లేచింది. ఐతారం రేపే.

జగన్ పొద్దెక్కకముందే మోటారు సైకిల్ మీద వచ్చాడు. మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేస్తాడు. పిల్లలు లేరు. కావ్య వస్తుందని అతని భార్య ధనలక్ష్మి ఇంట్లో కిటికీ పక్కన మంచం వేసి, గోడకు అద్దం కూడా కొట్టించిందట. వస్తూ వస్తూ పెద్ద సంచి కొని తెచ్చాడు, చక్రాలు కూడా ఉన్నాయి దానికి.

అందరూ వరండాలో అన్నానికి కూర్చున్నారు. "తిన్నంక ఎల్లాలె. ఎండ ముదరకముందే పోతే మంచిది" అన్నాడు జగన్.

జైరాం కూతురి వైపు చూడకుండా, "పో బిడ్డా, కాక తెచ్చిన సంచిల బట్టలు పెట్టుకో" అన్నాడు.

కావ్య సంచి తీసుకుని లోపలికి వెళ్లింది. పంపొద్దన్న మాట చిన్నికి నోటి దాకా వచ్చింది. తను అంటే అది మొగుడూ పెళ్లాల తగవు అవుతుంది, పిల్ల మాట మళ్లీ పిల్లలోనే ఉండిపోతుంది. ఒక్కసారైనా అది తన నోటితో తనే అనాలి. చిన్ని జగన్ కంచంలో పప్పు వేసింది. చాలు వదినా అంటున్నా ఇంకో గరిటె వేసింది.

కాసేపటికి సంచి చక్రాలు గడప మీద టకటకమన్నాయి. కావ్య దాన్ని ఈడ్చుకుంటూ వచ్చి, అందరికీ మధ్యలో నిలబెట్టింది.

"అన్ని పెట్టుకున్నవా?" అన్నాడు జగన్.

"బట్టలు పెట్టలే కాకా. పుస్తకాలు పెట్టిన. సంచి మంచిగుంది, బడికి ఈడ్చుకపోనీకె వస్తది."

జైరాం ముద్ద కంచంలోనే వదిలేసి తల ఎత్తాడు. మోతీబాయి నమలడం ఆపింది.

"ఏందే, మొన్న వస్తనన్నవని ఫోన్ల చెప్పిరి గదా?" అన్నాడు జగన్. కోపం కంటే నొప్పి ఎక్కువగా ఉంది అతని గొంతులో.

"మొన్న ఈడ ఉండలేక వస్తనన్న కాకా. ధనలక్ష్మి కాకీకి జెప్పు, సెలవులల్ల వస్త. ఆ మంచం మీదనే పండుకుంట." కావ్య గొంతు పెంచలేదు. తండ్రి వైపు తిరిగి, ఆయన చూపు తప్పించకుండా నిలబడింది. "గాడికి పోతే అన్ని మల్ల మొదటికెల్లి చెప్పుకోవాలె బా. నాకు ఏం రాదో ఈ మేడంకు తెల్సు. పది గూడ నేను ఈ బడిలనే రాస్త."